మేకుకు తగిలించిన ఏళ్ళు

పొద్దున్నే ఫజర్ నమాజు చేసుకొచ్చి దస్తగిరి చేసే మొదటి పని, పికప్పు అద్దం మీద దుమ్ము తుడవడం. సౌదీలోని హుఫూఫ్‌లో ఆ దుమ్ముకు అంతులేదు. అయినా ఆయన తుడవడం మానడు. బండి వెనక ముందురోజు కుట్టిన పరుపులూ దిండ్లూ తాళ్ళతో బిగించి ఉంటాయి. రాయచోటిలో ఆయన తాతముత్తాతలు దూదేకి పరుపులు కుట్టినవాళ్ళు. ఇక్కడ ఆయన సౌదీవాళ్ళ ఇళ్ళలో, చుట్టాలొచ్చినప్పుడు కూర్చోబెట్టే మజ్లిస్ గదులకు పరుపులు కుడతాడు. దేశం మారింది గానీ చేతిలో దబ్బనం మారలేదని దుకాణంలో నవ్వుతుంటాడు.

“ఏమ్మే, యాలైతాంది. దిగు!” అని కిందినుంచి కేకేస్తాడు.

“వస్తాండా నాయనా,” అంటూ ఆసిఫా మెట్లు దిగుతుంది. పదిహేడేళ్ళ పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది. పైన వేసుకున్న నల్లటి అబాయా కింద బడి యూనిఫాం చేతులు మోచేతుల దాకా ఎగబాకి ఉంటాయి, ఎందుకంటే అది పదమూడేళ్ళ పిల్లకు కొలిచి కుట్టింది. పైనుంచి జైతూన్ బీ కిటికీలో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా కూతురికోసం దువా చదువుతూ ఉంటుంది.

ఖర్జూర తోటల పక్కనుంచి పోయి, సర్కారు ఆడపిల్లల బడి గేటు ముందు దస్తగిరి బండి ఆపుతాడు. అంతకుమించి ఆయన పోకూడదు. లోపల మగపురుగన్నది ఉండదు గనుక గేటు దాటగానే ఆడపిల్లలందరూ అబాయాలు విప్పి, మడిచి, సంచుల్లో పెట్టుకుని తరగతులకు పరిగెత్తుతారు. ఆసిఫా మాత్రం గేటు పక్కనున్న చిన్న గదిలోకి వెళ్తుంది. అబాయాతో పాటు తను తన వయసులోంచి నాలుగేళ్ళు కూడా విప్పాలి.

ఆ గది బడి కాపలాదారుది. ఆయన భార్య ఉమ్మ్ నాయిఫ్ లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ చేతిలో చాయ్ గ్లాసు. ఆమె ఆసిఫా భుజాల మీదినుంచి ఏళ్ళను అందుకుని, ఒక్కసారి దులిపి, తలుపు వెనక మేకుకు తగిలిస్తుంది. ఏళ్ళంటే చూడ్డానికి పెద్ద విశేషమేమీ ఉండదు. పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలాగానే ఉంటాయి. అంచుల వెంట పెద్ద పెద్ద కుట్లు. ఎవరి ఏళ్ళయినా ఇట్లాగే ఉంటాయి, దగ్గరగా చూసేవాళ్ళు తక్కువ.

ఇదంతా ఎట్లా వచ్చిందంటే, దస్తగిరి ఇకామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితంలో, రాసిన పని పేరు కుటుంబాన్ని తెచ్చుకోడానికి పనికొచ్చేది కాదు. ఆయన్ను పనికి పిలిపించుకున్న కఫీల్ మనసు కరిగి ఆ పేరు మార్పించేసరికి కూతురు పదో తరగతి దాటేసింది. ఆ తర్వాత మంచాన పడిన జేజికి సేవ చేస్తూ ఆసిఫా ఒక ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. జేజి పోయాక తల్లీకూతుళ్ళు విమానం ఎక్కారు. ఇండియన్ స్కూలు ఫీజు వాళ్ళ తరం కాదు. సర్కారు బడిలో చేర్చుకుంటామన్నారు గానీ పిల్లకు అరబీ రాదు గనుక పదమూడేళ్ళ వాళ్ళ తరగతిలో వేస్తామన్నారు.

ముదీరా, అంటే హెడ్‌మిస్ట్రెస్, ఫోన్లో దస్తగిరికి విడమరిచి చెప్పింది. పదిహేడేళ్ళ పిల్లను చిన్నపిల్లల మధ్య అట్లాగే కూర్చోబెట్టడం కుదరదు. పైనున్న నాలుగేళ్ళూ గేటు దగ్గర వదిలి రావాలి. ఏడాది చివర పరీక్ష ఉంటుంది. అది మాత్రం తన అసలు వయసుతో రాయాలి. నెగ్గితే తన ఈడు పిల్లలతో పాటు సెకండరీలో కూర్చోవచ్చు. తప్పితే పద్దెనిమిది నిండుతాయి గనుక పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఏ సర్కారు బడీ తీసుకోదు.

దస్తగిరి అంతా విని ఒక్క సంగతే అడిగాడు. “ఆ ఏళ్ళు ఎండకు పాడుగావు గదా మేడమ్?”

జైతూన్ బీ అయితే చిమ్మెట్లు కొడతాయేమోనని కర్పూరం బిళ్ళలు పంపించింది.

ఆసిఫాకు నర్సు కావాలని ఆశ. జేజి మంచం పక్కన కూర్చున్న ఏడాదిలో పుట్టిన ఆశ అది. సెకండరీ దాటితేగానీ ఆ దారిలో కాలు పెట్టే వీలు లేదు. పరీక్ష తప్పితే ఇక రెండు గదుల ఇంట్లో కిటికీ దగ్గర తల్లి పక్కన నిలబడటమే. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నాలుగేళ్ళు తగ్గితే మనిషి ఎంత తేలికైపోతుందో చెప్పలేం. ఆసిఫా మేకు దగ్గర్నుంచి తరగతిదాకా గెంతుతూ పోయేది. యూనిఫాం చక్కగా సరిపోయేది. పదిహేడేళ్ళ నాలుకకు సిగ్గెక్కువ, తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. పదమూడేళ్ళ నాలుకకు ఆ బెంగ లేదు. ఆటల్లో, కొట్లాటల్లో, పెన్సిలు లాక్కోవడంలో ఆసిఫాకు అరబీ వచ్చేసింది. నెలలు తిరిగేసరికి అరబీ టీచరే ఆ పిల్ల నోరు మూయించలేక విసుక్కునేది.

అయితే ఆ తేలికకు ఒక వెల ఉంది. పదమూడేళ్ళప్పుడు జేజి బతికే ఉంది. అందుకని బడిలో ఉన్నంతసేపూ ఆసిఫాకు జేజి ఉన్నట్టే. ఇంటికి పోయి జేజికి ఇది చెప్పాలి, అది చెప్పాలి అనుకుంటూ ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టాక గదిలోకి వచ్చి, ఉమ్మ్ నాయిఫ్ ఏళ్ళు భుజాన వేయగానే, మంచం, మందుల వాసన, తెల్లగుడ్డ అన్నీ ఒక్కసారిగా మీద పడేవి. జేజి రోజుకోసారి చచ్చిపోయేది. బండి ఎక్కాక ఆసిఫా కిటికీ వైపు తిరిగి కూర్చునేది. దస్తగిరి కదిలించేవాడు కాదు.

రంజాను సెలవులు ఇంకా రాకముందే తలుపు వెనక రెండో మేకు దిగింది. యెమెన్ నుంచి వచ్చిన సల్వా అనే పిల్లను అదే తరగతిలో వేశారు. ఆమెకూ పదిహేడే. యుద్ధంలో బడులు మూతబడి చదువు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. తండ్రి ఖర్జూరాల మార్కెట్లో మూటలు మోస్తాడు, ఇంట్లో ఒక చిన్న తమ్ముడు. సల్వాకు అరబీ మాట నీళ్ళలా వచ్చు, చదవడం రాయడం మాత్రం కూడబలుక్కోవాలి. ఉమ్మ్ నాయిఫ్ ఆమె ఏళ్ళు మొదటిసారి అందుకున్నప్పుడు చేతిలో చాయ్ ఒలికింది. “యా అల్లా, ఎంత బరువు!” అని రెండు చేతులతో ఎత్తి తగిలించింది.

తరగతిలో ఇద్దరూ ఒకటే బల్ల. ఒకరి వేలికి సిరా అంటితే రెండోవాళ్ళు తుడవాల్సిందే అన్నంత స్నేహం. సల్వా నోట ఎప్పుడూ “మా అమ్మ” అనే మాటే. మా అమ్మ ఇట్లా పాడుతుంది, మా అమ్మ చేతి రొట్టె తింటే నువ్వు నీ దేశం మర్చిపోతావు, సెలవు రోజు మా ఇంటికి రా, అమ్మకు నిన్ను చూపించాలి. ఆసిఫా తప్పకుండా వస్తాననేది. మా జేజిని కూడా నీకు చూపిస్తానని అనేది.

గంట కొట్టాక మేకుల దగ్గర మాత్రం ఇద్దరి ముఖాలూ మారిపోయేవి. ఆసిఫా తన ఏళ్ళు వేసుకుని గోడకు ఆనుకునేది. సల్వా తన మేకు ముందు చెయ్యి చాపకుండా అట్లాగే నిలబడి ఉండేది. వెనక పిల్లలు గోల చేస్తుంటే ఉమ్మ్ నాయిఫ్ మెల్లగా, “వేసుకో తల్లీ, మీ నాన్న ఎండలో నిలబడ్డాడు,” అనేది. వేసుకున్నాక సల్వా ఎవరి ముఖమూ చూసేది కాదు. గేటు బయట ఇద్దరూ సలాం చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. లోపల అంతగా నవ్వుకున్న పిల్లలు బయట పరాయివాళ్ళు. ఒకరి నాలుగేళ్ళలో ఏముందో రెండోవాళ్ళు అడగలేదు.

అట్లా ఉండగా ఒక గురువారం మధ్యాహ్నం ఆకాశం పసుపుపచ్చగా మారి ఇసుకగాలి లేచింది. బడి ముందే వదిలేశారు. గదిలో పిల్లలూ తల్లులూ ఒకరినొకరు తోసుకుంటున్నారు, దుమ్ముతో కళ్ళు తెరవడానికి లేదు. ఉమ్మ్ నాయిఫ్ దగ్గుతూ, మేకుల మీదున్నవి చేతికందినట్టు తీసి ఇద్దరి భుజాన పడేసింది.

ఆసిఫా ఇల్లు చేరి తలుపు తీయగానే జైతూన్ బీ కూతుర్ని ఎగాదిగా చూసింది. “ఎవురియి ఏసుకొచ్చినావే? ఇవి నీయి గావు.”

“సల్వావి, అమ్మా.”

“శుక్రారం మసీదు కాడ చెప్పులు మారిపోయినట్ల అయింది. ఆ పిల్ల నీయి ఏసుకోని పోయింటాది. వాళ్ళ నాయన నంబరుందా?”

“లేదు.”

“సరే, ఆదివారం బడి తీస్తారు గదా. అంతదాకా పదిలంగా పెట్టుకో. ఇంకొకరి సొమ్ము,” అని జైతూన్ బీ వంటింట్లోకి పోయింది.

తర్వాత కొళాయి చప్పుడు ఆగకపోయేసరికి బయటికొచ్చి చూసింది. ఆసిఫా ఇంట్లో ఉన్న గిన్నెలు, చెంబులు, బకెట్లు, చివరికి మూతలు కూడా నీళ్ళతో నింపి వరసగా పెట్టింది. నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయో తెలీదు గదమ్మా అంది. ఇసుకగాలికి ఎదురింటి దుకాణం షట్టరు దబ్బుమంటే బల్ల కింద దూరింది. కిటికీ దగ్గర పడుకోనంటే పడుకోనంది. జైతూన్ బీ చాప తెచ్చి లోపలి గోడ పక్కన వేసి, కూతురి పక్కనే తనూ పడుకుంది.

ఆ సెలవు రెండు రోజులూ ఆసిఫా సల్వా ఏళ్ళలో బతికింది. మొదటి పొరలో బడికి తాళం పడటం. రెండో పొరలో ఊరు వదలడం. నాలుగో పొరలో సరిహద్దు, తండ్రి చేతుల్లో నిద్రపోతున్న తమ్ముడు. బరువంతా మూడో పొరలో ఉంది. చుట్టాలింట్లో ఒక మూల గది, అక్కడ జబ్బుపడ్డ సల్వా తల్లి, ఆసుపత్రికి పోయే దారి ఇవాళ తెరుస్తారు రేపు తెరుస్తారు అంటూ గడిచిన చలికాలం. మొత్తం ఆ పొరలో ఉంది. ఆసిఫా తన లెక్కల పుస్తకం తెరిచి చూసింది. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ నిలవడం లేదు. ఆ ఏడు మీద ఉన్న మనిషికి తల ఎత్తడమే పెద్ద పని. ఇది మోసుకుని సల్వా పరీక్ష ఎట్లా రాస్తుందని ఆసిఫాకు అప్పుడు తట్టింది. సల్వా వల్ల కాదు. ఆ మాట స్పష్టంగా తెలిసి ఆసిఫాకు ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున గేటు దగ్గర సల్వా ముందే వచ్చి నిలబడి ఉంది. మొదటిసారి బయట ఆమే మాట కలిపింది.

“నీ ఏళ్ళు తెచ్చాను. బాగా చూసుకున్నాను,” అంది. “అవి వేసుకుని పడుకుంటే నిద్రలో నవ్వానట. తమ్ముడు చెప్పాడు,” అంది.

“ఇంకా?”

“నీ పదో తరగతి ఏడు చాలా బాగుంది. లెక్కలు ఎంత తేలికో! ఇంట్లో కాగితం లేక గోడ మీద చేశాను. నాన్న తిట్టలేదు, చూస్తూ నిలబడ్డాడు.” సల్వా నవ్వబోయి ఆగింది. “నువ్వు నావి…”

“వేసుకున్నా.”

“అయితే మూడోది చూశావు.”

“చూశాను.”

సల్వా తల దించుకుంది. ఉమ్మ్ నాయిఫ్ గబగబా వచ్చి తన పొరపాటుకు ఇద్దరినీ క్షమించమని అడిగి, నెత్తిన ముద్దు పెట్టి, ఏళ్ళు విప్పించి సరైన మేకులకు తగిలించింది. ఇద్దరూ ఏమీ జరగనట్టు గెంతుకుంటూ తరగతికి పోయారు. కాస్సేపటికి సల్వా మళ్ళీ తన తల్లి పాడే పాట ఒకటి ఎత్తుకుంది.

ఎండలు ముదిరాక ముదీరా పరీక్ష రోజు చెప్పింది. లెక్కలు, సైన్సు, అరబీ. పై నుంచి ఆఫీసు వాళ్ళొచ్చి కూర్చుంటారు. ఉమ్మ్ నాయిఫ్ ఇద్దరికీ ఒక మాట విడిగా చెప్పింది. “ఏ ఏళ్ళతో పరీక్ష రాస్తే ఆ ఏళ్ళు ఒంటికి అంటుకుపోతాయి. ఇక విప్పడం ఉండదు. నా మేకులు ఖాళీ. జాగ్రత్తగా వేసుకోండి.”

ఆ సాయంత్రం దస్తగిరి దిండు గలీబులు మడుస్తుంటే ఆసిఫా వచ్చి పక్కన కూర్చుంది.

“నాయనా, ఒక దబ్బనం, దారం కావాల.”

దస్తగిరి దేనికని అడగలేదు. కూతురి ముఖం చూశాడు, అంతే. సల్వా సంగతి జైతూన్ బీ ఆయనకు ఎప్పుడో చెప్పింది.

“ఎన్ని పొరలు?”

“ఒగటే.”

“ఏది?”

“పదో తరగతి.”

ఆయన చేతిలో గలీబు అట్లాగే ఉండిపోయింది. కూతురు పదో తరగతి నెగ్గిన రోజు ఈ దేశంలో ఆయన దుకాణమంతా మిఠాయి పంచాడు. ఆ బిడ్డను అప్పుడు తాకి చూసే భాగ్యం లేక ఫోన్ అద్దం మీదే ముద్దు పెట్టుకున్నాడు.

“నువ్వు తప్పితే?” అన్నాడు.

“ఇంట్లో ఉంటా.”

“నర్సు అంటాంటివి గదమ్మే.”

“అంటాండా నాయనా. ఇప్పుడూ అదే అంటాండా. కానీ ఆ పాప మింద ఆ ఏడు పెట్టి పరీక్ష రాయమనేది న్యాయం గాదు. నేను ఏసుకోని చూసినా. అది ఆ పాప మోసేది గాదు.”

“నువ్వు మోస్తావా?”

“నాకు ఇంట్లో అమ్మ ఉంది. నువ్వుండావు. ఆ పాపకు అట్ల ఎవురూ లేరు, ఆమే ఇల్లంతా మోస్తాంది.”

దస్తగిరికి కోపం వచ్చిందో, బాధేసిందో ఆయనకే తెలియలేదు. చివరికి లేచి తన పెట్టెలోంచి మంచి దబ్బనం ఒకటి ఏరి, మైనం రాసిన దారం ఎక్కించి ఇచ్చాడు. “నడిమి పొర తీస్తే మిగతాయి జారతాయి. కొత్త పొర పెట్టినంక నాలుగు మూలలూ ముందు కట్టుకో. అంచు తర్వాత. కుట్లు దగ్గర దగ్గర వెయ్యి,” అన్నాడు. అని, ముఖం కడుక్కునే నెపంతో లోపలికి పోయాడు.

పరీక్ష రోజు ఉమ్మ్ నాయిఫ్ గదిలో ఇద్దరూ ఏళ్ళు భుజాల మీంచి తీయకుండానే, వాటి అంచులు ఒళ్ళో పరుచుకుని నేలమీద కూర్చున్నారు. ఆసిఫా తన దాన్లోంచి ఒక పక్క కుట్లు విప్పి పొర బయటికి తీసింది. సల్వాకు విషయం అప్పటిదాకా తెలియదు.

“ఇది నీకు. లెక్కలన్నీ దీంట్లోనే ఉన్నాయి. మూడోది నాకివ్వు.”

సల్వా తన ఏళ్ళను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. “అది ఇవ్వను. రెండోది తీసుకో. మొదటిది తీసుకో.”

“మొదటిది తీసి ఏం లాభం? బరువు మూడో దాంట్లో ఉంది.”

“అమ్మ కూడా దాంట్లోనే ఉంది,” అంది సల్వా. “ఉంచుకుంటే నేను రాయలేను, నాకు తెలుసు. ఇచ్చేస్తే అమ్మ చివరి రోజులు నాకుండవు.”

ఉమ్మ్ నాయిఫ్ కళ్ళు తుడుచుకుంటూ, “ఒక్కొక్కరి దగ్గర నేను నాలుగు తీసుకున్నాను, నాలుగే ఇవ్వాలి. ఎవరివి ఎవరికనేది మీ ఇష్టం. తొందరగా తేల్చుకోండి, ఆఫీసు వాళ్ళు వచ్చేశారు,” అంది.

సల్వా ఆ మూడో పొర మీద చెంప ఆనించింది. బయట ఎవరో పేర్లు పిలుస్తున్నారు. అప్పుడు లేచి కూర్చుని, ఆసిఫా చేతిలో దబ్బనం తీసుకుని, కుట్లు తానే విప్పడం మొదలుపెట్టింది. పొర బయటికి రాగానే రెండు చేతులతో ఆసిఫా ఒళ్ళో పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది. ఆసిఫా తండ్రి చెప్పినట్టే ముందు మూలలు కట్టి, అంచు వెంట దగ్గర దగ్గరగా కుట్టింది. రెండూ కుట్టింది.

పరీక్ష హాలులో ఆసిఫా తల ఎత్తడానికే అవస్థ పడింది. లెక్కల కాగితం చూస్తే తొమ్మిదో తరగతి దాకా ఉన్నవి తెలుస్తున్నాయి, ఆపైన శూన్యం. తెలిసినవే రెండుసార్లు సరిచూసుకుని రాసింది. సైన్సులో మనిషి శరీరం గురించి అడిగినవన్నీ జేజి మంచం పక్కన నేర్చుకున్నవే. అరబీలో వ్యాసం రాయమన్నారు. ఆ మూడో పొర నిండా అరబీయే, పుస్తకాల్లో లేని అరబీ. పెన్ను ఆగలేదు. పక్క వరసలో సల్వా వీపు నిటారుగా పెట్టి లెక్కలు చకచకా చేసుకుపోతోంది. ఆసిఫా ఒకసారి అటు చూసి మళ్ళీ కాగితం మీదికి వంగింది.

ఇంటికొచ్చేసరికి జైతూన్ బీ ఉతికిన బట్టలు మడుస్తూ ఉంది. ఆసిఫా అబాయా కూడా తీయకుండా వచ్చి తల్లి మీద పడి గట్టిగా పట్టుకుంది.

“ఏందే, పరీక్ష పోయిందా?”

“తెలీదమ్మా.”

“మరి ఎందుకేడుస్తాండావు?”

“నువ్వుండావు గదా,” అంది ఆసిఫా. “అందుకు.”

జైతూన్ బీ కూతురి భుజం తడిమింది. కొత్త కుట్లు వేలికి తగిలాయి. ఎవరిదని అడగలేదు. “ఆ తల్లిని అల్లా సొర్గంలో పెట్టుకోని చూసుకోనీ,” అంది, బట్టలు పక్కకు తోసి, ఆ ఎదిగిన పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

ఫలితం దస్తగిరి ఫోనుకు వచ్చింది. ఆయన బండి ఆపి, రోడ్డు పక్కన దిగి చదివాడు. సల్వా బాగా నెగ్గింది. ఆసిఫా లెక్కల్లో అతికష్టం మీద గట్టెక్కింది, అరబీ ఆమెను ఒడ్డున పడేసింది. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నా దస్తగిరి మళ్ళీ మొదటినుంచి చదివాడు.

సెకండరీ బడిలో మేకులు లేవు. గేటు లోపలా బయటా ఒకటే వయసు. ఇద్దరూ మళ్ళీ ఒకటే బల్ల మీద కూర్చున్నారు, ఈసారి చుట్టూ తమ ఈడు పిల్లలే. అయితే ఒక చిక్కొచ్చింది. పైతరగతి లెక్కలకు పదో తరగతి లెక్కలు కావాలి, ఆసిఫాకు అవి లేవు. దాంతో విరామం గంటలో వరండా నీడన కూర్చోబెట్టి సల్వా ఆమెకు పాఠం చెప్పేది. రాయచోటి లెక్కల సారు చెప్పిన పద్ధతిలోనే చెప్పేది, ఆయన విసుక్కున్న చోటే విసుక్కునేది. ఒకప్పుడు తను కష్టపడి నేర్చుకున్నది తనకే మళ్ళీ అరబీలో నేర్పుతుంటే ఆసిఫాకు నవ్వొచ్చేది.

సల్వా కుదురుకుంది. నడకలో బెదురు పోయింది. తల్లి లేదని ఆమెకు తెలుసు, తండ్రి చెప్పాడు. ఎట్లా పోయిందో మాత్రం ఆమె దగ్గర లేదు. చాలా రోజులు అడగలేదు. ఆసిఫా తనంతట తను చెప్పలేదు.

చలి మొదలయ్యాక ఒకరోజు లెక్క మధ్యలో సల్వా పెన్సిలు కింద పెట్టింది.

“ఒకటి అడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పు. చివర్లో అమ్మ నన్ను గుర్తుపట్టిందా?”

అవునని చెప్పడం ఎంత తేలికో ఆసిఫాకు తెలుసు. కానీ ఆ ఏడు తనది కాదు, అందులో ఒక్క పోగు మార్చే హక్కు తనకు లేదు.

“లేదు,” అంది. “నువ్వు పక్కనే కూర్చుని తల నిమురుతున్నావు. నిన్ను చూసి తన తల్లి అనుకుంది. ‘అమ్మా, సల్వా బడి నుంచి వచ్చిందా?’ అని అడిగింది.”

“అప్పటికి బడి మూసి రెండేళ్ళు.”

“అవును.”

“నేనేమన్నాను?”

“‘ఇంకా రాలేదు, దారిలో ఉంది’ అన్నావు. ‘ఆకలితో వస్తుంది. రాగానే ఏదైనా పెట్టు’ అంది. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.”

వరండాలో పిల్లల గోల అట్లాగే ఉంది. సల్వా కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆసిఫా తన సంచి తెరిచి, పొద్దున తల్లి గుడ్డు కూర పెట్టి చుట్టిన ఖుబ్బూస్ రొట్టె తీసింది. కాగితం విప్పి, ముక్క తుంచి, సల్వా నోటికి అందించింది.

సల్వా తింది. రెండో ముక్క తనే తీసుకుంది. మధ్యలో గంట కొట్టారు, పిల్లలంతా తరగతుల్లోకి పోయారు. టీచరమ్మ తలుపు దగ్గరికి వచ్చి ఇద్దరినీ చూసి, తలుపు తెరిచే ఉంచి లోపలికి వెళ్ళింది. సల్వా చివరి ముక్క దాకా తిని, చేతులు కడుక్కుని, తరగతికి పోయింది.